చీనా ఫెంగ్ పక్షి – గరుడ భేరుండములతో తారతమ్యం

చీనా పురాణగాథలలోని ‘ఫెంగ్‌హువాంగ్’ పక్షిని తెలుగులో ‘ఫీనిక్స్’ అని వ్రాయడం ఆంగ్లానువాదాల ద్వారా వచ్చిన అలవాటు. దానిని గరుడునితో పోల్చి చెప్పడమూ కద్దు. పరిశీలించిన కొలది ఈ రెండూ నిలిచేవి కావు.

ఫీనిక్స్ ఈజిప్టు కథగా గ్రీకులు చెప్పిన పక్షి. తన్ను తాను దహించుకొని బూడిద నుండి మరల పుట్టడం దాని లక్షణం. ఫెంగ్‌హువాంగ్ కథలో చితి లేదు, పునర్జన్మ లేదు. ‘ఫెంగ్’ మగపక్షి, ‘హువాంగ్’ ఆడపక్షి. ‘ఎర్‌యా’ అనే ప్రాచీన నిఘంటువుకు గువో పు (276–324) వ్రాసిన వ్యాఖ్యలో దానికి కోడి తల, పాము మెడ, తాబేటి వీపు, చేప తోక చెప్పబడ్డాయి. రాజు ధర్మపాలకుడైనప్పుడే అది కనబడుతుందని నమ్మకం. అది రాకపోవడం చూచి కన్ఫ్యూషియస్ చింతించినట్లు ‘లున్‌యు’ గ్రంథం తెలుపుతున్నది. ఈ జాతిదిగా ఎన్నబడే యువాన్‌చు పక్షి వెదురు గింజలు తప్ప తినదనీ, ఒకే జాతి చెట్టుపై తప్ప వాలదనీ ‘జువాంగ్‌జి’లో ఉన్నది. వాన చినుకు తప్ప ముట్టని చాతకాన్ని ఎరిగిన మనకు ఈ నియమం వింత కాదు. గుణం చేత ఫెంగ్ పక్షి చాతక హంసల వంశానికే దగ్గరిది.

ఐరాల మొదలు తిరుమల వరకు ఈ సీమ వారికి దివ్యపక్షి అనగానే బ్రహ్మోత్సవాల ఐదవనాటి గరుడసేవ స్ఫురిస్తుంది. ఆ గరుడుడు బౌద్ధంతోపాటు చీనాకు వెళ్లాడు. అక్కడ అతనికి ‘బంగరు రెక్కల పక్షి’ అని పేరు. అయితే చీనా అనువాదకులు ‘నాగ’ శబ్దాన్ని డ్రాగన్‌ను తెలిపే ‘లుంగ్’ పదంతో అనువదించారు. కనుక అక్కడ గరుడుడు డ్రాగన్‌లను భక్షించేవాడైనాడు. ఫెంగ్‌హువాంగ్ మాటేమి? డ్రాగన్ చక్రవర్తికి చిహ్నం కాగా, దాని సరసన నిలిచి చక్రవర్తినికి చిహ్నమైనది అదే. ఒకరు భక్షకుడు, ఒకరు సహచరి. వీరిద్దరికీ అభేదం ఎట్లు కుదురుతుంది? గరుడుడు కలిసిపోయినది వేరొక పక్షితో. ‘జువాంగ్‌జి’లో కున్ అనే మహామత్స్యం ‘పెంగ్’ అనే పక్షిగా మారి తొంబదివేల ‘లీ’ల ఎత్తుకు ఎగురుతుంది. 16వ శతాబ్ది నవల ‘షియూజి’లో ఈ పెంగ్ బంగరు రెక్కలతో దర్శనమిస్తుంది. ఆ నవల పెంగ్‌ను, నెమలిని ఫెంగ్‌హువాంగ్ సంతానంగా చెప్పడం చమత్కారమే.

పరిశోధకులు ఇంతకంటె శ్రద్ధతో చూడవలసినది రెండు తలల పక్షి. సుఖావతీవ్యూహపు లఘుపాఠం సంస్కృతంలో హంస, క్రౌంచ, మయూరాలనే పేర్కొంటుంది. 402 ప్రాంతంలో కుమారజీవుడు చేసిన చీనా అనువాదంలో చిలుక, కలవింకం మొదలైనవి చేరాయి. వాటితో ‘కూడి బ్రతికే పక్షి’, అనగా జీవంజీవకం కూడా. దాని ఒక తల మధురఫలం తినగా, అసూయతో రెండవ తల విషఫలం తిని రెండూ చచ్చిన కథ 5వ శతాబ్దిలో చీనా భాషకెక్కింది. పంచతంత్రంలోని భారుండ కథ ఇదే.

మన గండభేరుండానికి ఆ పేరుతో, ఆ శిరస్సులతో సామ్యం ఉన్నా భావం పూర్తిగా వేరు. చంద్రగిరి దుర్గం నుండి వచ్చి తిరుమల, శ్రీకాళహస్తులలో పట్టాభిషిక్తుడైన అచ్యుతదేవరాయలు (1529–1542) దానిని తన బంగారు వరహాలపై ముద్రించాడు. అక్కడ ఆ తలలకు కలహం లేదు. ఆ పక్షి ముక్కులతోను, గోళ్లతోను ఏనుగులను పట్టి ఉంటుంది.