విల్లు పట్టిన బాలుడు

గత వేసవిలో మా ఇంటికి ఒక పెండ్లి శుభలేఖ వచ్చింది. పైన వాక్యము, మధ్యలో వధూవరుల పేర్లు, క్రింద ఒక మూలన రెక్కలున్న బొద్దు పసివాడు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు దానిని చూసి, "దేవదూత బాగానే ఉన్నాడు గానిరా, చేతిలో ఆ విల్లెందుకు?" అని అడిగింది.

ప్రియ పాఠకులారా, అడగవలసిన ప్రశ్నే అది. యెహెజ్కేలు ప్రవక్త చూచిన కెరూబులకు నాలుగేసి ముఖములు, నాలుగేసి రెక్కలు. బూరెబుగ్గల పసివాడు అక్కడ లేడు. శుభలేఖ మీది బాలుడు దేవదూత కాడు. అతడు ప్రాచీన గ్రీకులు ప్రేమకు అధిదేవతగా కొలిచిన ఎరోస్. రోమీయులు క్యూపిడ్ అని పిలిచింది ఇతనినే. 15, 16 శతాబ్దములలో ఇటలీ చిత్రకారులు దేవాలయపు గోడల మీద దేవదూతలకును, ప్రభువుల మేడలలో క్యూపిడ్‌కును ఒకే పసివాని రూపము వేశారు. ఆ కలగాపులగమే తిరిగి తిరిగి మన ఊళ్ల అచ్చు యంత్రముల దాకా వచ్చింది.

విల్లు, బాణము అనగానే తెలుగువారికి చెరకువింటి మన్మథుడు గుర్తుకు వస్తాడు. పోలిక ఉన్నమాట నిజమే. కాని ఎరోస్ మొదట పసివాడు కాడు, విలుకాడు కూడా కాడు. క్రీ.పూ. 700 ప్రాంతములో హెసియోదు అనే కవి ఉండేవాడు. బొయోతియ అనే సీమలో పొలము దున్నుకొని, గొఱ్ఱెలు కాచుకొని బ్రదికిన రైతు ఆయన. దేవతల పుట్టుకను గూర్చి ఆయన వ్రాసిన కావ్యములో మొట్టమొదట శూన్యము, తరువాత భూమి, పాతాళము, వాటితోపాటే ఎరోస్ కనిపిస్తారు. ఇక్కడ ఎరోస్‌కు తల్లిదండ్రులు లేరు. దేవతలనైనా మనుష్యులనైనా తెలివి తప్పించి లోబరచుకొనే మహా బలముగా ఆ కవి అతనిని ఎంచాడు. మూడు వందల ఏండ్ల తరువాత తత్త్వవేత్త ప్లేటో మరొక పుట్టుక చెప్పించాడు. ఒక విందు జరిగిన ఇంటి గుమ్మము వద్దకు భిక్షకు వచ్చిన పేదరికమే ఎరోస్‌కు తల్లి, లోపల మత్తుగా నిద్రించుచున్న ఉపాయశాలి తండ్రి. అందుచేత ఎరోస్ కాళ్లకు చెప్పులు లేనివాడు, ఇల్లు లేనివాడు, పరుల గుమ్మముల ముందు పండుకొనేవాడు. ఎంత సంపాదించినా వాని చేతిలో నిలువదు. ప్రేమను గూర్చి ఇంత నిక్కచ్చిగా చెప్పిన మాట అన్యుల గ్రంథములలో నేను మరొకటి చూడలేదు.

మరి పసివాడెలా అయ్యాడు? కాలము గడిచేకొద్దీ కవులు అతనిని అఫ్రోదితే దేవత కుమారునిగా చేసి, వయస్సు తగ్గించుకుంటూ వచ్చారు. క్రీ.పూ. 3వ శతాబ్దములో అపొల్లోనియస్ అనే కవి వ్రాసిన ఓడ ప్రయాణపు కథలో ఒక ముచ్చట ఉన్నది. యాసోను అనే వీరుడు బంగారు ఉన్ని కొరకు నల్ల సముద్రపు తూర్పు ఒడ్డున ఉన్న కొల్కిస్ దేశమునకు, అనగా నేటి జార్జియాకు వెళ్లాడు. అక్కడి రాజు కుమార్తె మెదేయ అతనిని ప్రేమిస్తేనే పని జరుగుతుంది. ఇద్దరు దేవతలు అఫ్రోదితే ఇంటికి వచ్చి, "నీ కొడుకుతో చెప్పు" అని అడిగారు. ఆ తల్లి ఏమన్నదో తెలుసా? వాడు నా మాట వినడు, నన్నే ఎదిరిస్తాడు, విసిగిపోయి వాని విల్లు విరిచివేద్దామనుకున్నాను అని మొర పెట్టుకున్నది. వచ్చినవారిద్దరూ ఒకరినొకరు చూచుకొని నవ్వుకున్నారు. మన వీధి అరుగుల మీద వినబడే మాటలే కదా ఇవి!

తల్లి వెళ్లేసరికి ఎరోస్ మరొక బాలునితో బంగారు పాచికలాట ఆడి, వానివన్నీ గెలుచుకొని నవ్వుచున్నాడు. ఓడిన పిల్లవాడు వట్టి చేతులతో ఏడుపు ముఖముతో పోయాడు. తల్లి గడ్డము పట్టుకొని బుజ్జగించి, ఒక బంగారు బంతి ఇస్తానని ఆశ పెట్టింది. మన బైబిలు ద్యుపతి అని పిలిచే జ్యూస్ పసితనములో ఆడుకున్న బంతి అది. వాడు ఇప్పుడే ఇమ్మని కొంగు పట్టుకొని వదలలేదు. తరువాత పోయి మెదేయ గుండెలోనికి బాణము వేసి, నవ్వుకుంటూ ఎగిరిపోయాడు.

నవ్వు అంతటితో సరి. మెదేయ తండ్రిని మోసగించి, పుట్టిల్లు విడిచి యాసోను వెంట పోయింది. తరువాతి కథను యూరిపిదీస్ అనే నాటకకర్త అంతకు ముందే, క్రీ.పూ. 431లో, ఏథెన్సు నగరములో ఆడించాడు. కొరింథులో యాసోను ఆమెను విడిచి రాజకుమార్తెను పెండ్లాడాడు. మెదేయ పగతో తన కడుపున పుట్టిన ఇద్దరు కొడుకులను చంపుకున్నది. తరువాత పౌలు సంఘమును నాటినది ఆ కొరింథులోనే. ఒక పిల్లవాడు బంతి కొరకు వేసిన బాణము ఇద్దరు పిల్లల సమాధి దగ్గర ఆగింది. ఇట్టి కథలు చెప్పుకున్న గ్రీకులకు తొలిచూపు ప్రేమ మీద భ్రమలు ఉండేవని నేననుకోను.

ఇంత భయపడినా ఆ వేల్పును వారు కొలిచారు. బొయోతియలోనే థెస్పియే అనే ఊరిలో ఎరోస్‌కు ముఖ్యమైన గుడి ఉండేది. అక్కడి పాత విగ్రహము చెక్కని ఒట్టి రాయి అని క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ వ్రాశాడు. తరువాత ప్రాక్సిటలీస్ అనే శిల్పి పాలరాతి విగ్రహము చేసి ఇచ్చాడు. దానిని కాలిగుల చక్రవర్తి రోముకు ఎత్తుకొనిపోగా, అపొస్తలుల కార్యములలో మనకు కనబడే క్లౌదియ తిరిగి పంపించాడు. నీరో మరల తీసుకొనిపోయాడు. చివరకు రోములోనే అగ్నికి ఆహుతి అయింది.

ఆ థెస్పియేకు, మొదటి శతాబ్దములో, క్రొత్తగా పెండ్లయిన ఒక జంట వచ్చింది. వరుడు ప్లూటార్కు, తరువాతి కాలములో గొప్ప గ్రంథకర్త. ఇరు కుటుంబముల పెద్దల మధ్య తగవు రాగా, ఎరోస్‌కు బలి అర్పించుటకు వధువును వెంటబెట్టుకొని వచ్చాడు. వియ్యాలవారి తగవులు ఏ దేశములోనైనా ఒకటే! ఆ ప్రయాణమును ఆధారము చేసుకొని ఆయన ప్రేమను గూర్చి ఒక సంభాషణ గ్రంథము వ్రాశాడు. ఎరోస్‌కు పెండ్లితో పనిలేదని వాదించే పెద్దమనుష్యులు అందులో ఉన్నారు. ప్లూటార్కు దానికి ఒప్పుకొనడు. రెండు ద్రవములు కలిపినప్పుడు మొదట పొంగి కలకబారినట్లే భార్యాభర్తల ప్రేమయును మొదట కలకబారి, నాళ్లు గడిచేకొద్దీ తేటపడి స్థిరపడుతుందని ఆయన తలంపు.

అది పుస్తకపు మాట మాత్రమే కాదు. నలుగురు కొడుకుల తరువాత పుట్టిన ఆడబిడ్డ తిమోక్సెన రెండేండ్లకే చనిపోయింది. ఆయన ప్రయాణములో ఉండి ఆ వార్త విని భార్యకు వ్రాసిన ఉత్తరము నేటికీ నిలిచి ఉన్నది. బిడ్డ తన దాదిని బొమ్మలకు కూడా పాలిమ్మని అడిగేదని అందులో గుర్తు చేసుకున్నాడు. మన ప్రభువును ఎరుగని ఇంటిలోని దుఃఖమది. అయినా చదువుచుండగా కళ్లు చెమర్చాయి.

కొందరు ప్రసంగీకులు ఎరోస్ అనే మాటనే మురికి మాటగా చెప్తారు. క్రొత్త నిబంధన గ్రీకులోనే వ్రాయబడినా ఆ మాట అందులో ఒక్కసారి కూడా లేదు, నిజమే. కాని పరమగీతమును చేతబట్టుకున్న మనము అంత తొందరపడనక్కరలేదు.

గ్రీకులలో మరొక కథ ఉండేదని 4వ శతాబ్దపు వక్త థెమిస్తియస్ చెప్పాడు. అఫ్రోదితేకు ఎరోస్ చక్కగా పుట్టాడు గాని ఎంతకూ ఎదగలేదు. తల్లి దిగులుపడి థెమిస్ అనే దేవతను అడిగితే, వాడు ఒంటరిగా పుట్టగలడు గాని ఒంటరిగా పెరుగలేడు, వానికి ఒక తమ్ముడు కావాలి అని జవాబు వచ్చింది. అప్పుడు పుట్టినవాడు ఆంతెరోస్, అనగా ప్రేమకు బదులుగా వచ్చే ప్రేమ. తమ్ముడు దగ్గరుంటే అన్న ఎదిగేవాడు, దూరమైతే కుదించుకుపోయేవాడు. అందరూ బాణముల బాలునినే గుర్తుపెట్టుకున్నారు. ఈ తమ్ముడు మరుగున పడిపోయాడు.

పూర్తిగా మరుగున పడలేదు. లండన్ నగరములో పికడిల్లీ సర్కస్ కూడలిలో రెక్కలతో, వింటితో ఒంటికాలిపై నిలిచిన అల్యూమినియం విగ్రహము ఒకటి ఉన్నది. అందరూ దానిని ఎరోస్ అంటారు. శిల్పి ఆల్‌ఫ్రెడ్ గిల్బర్ట్ ఉద్దేశించినది ఆంతెరోస్‌ను. 1893లో అది నిలువబడినది షాఫ్ట్స్‌బరీ ప్రభువు జ్ఞాపకార్థము. ఆయన దైవభక్తిగల సువార్తిక క్రైస్తవుడు. స్త్రీలను, పదేండ్లు నిండని మగపిల్లలను గనులలోనికి దింపరాదని 1842లో చట్టము చేయించినవాడు, బీద పిల్లల బడులకు అండగా నిలిచినవాడు. 1885లో ఆయన మృతి చెందగా, అంత్యక్రియల నాడు లండన్ బీదలు వీధుల వెంబడి నిలుచున్నారు. ఆ విగ్రహమునకు క్రైస్తవ ప్రేమదూత అనే పేరు పెట్టి చూచారు గాని జనము నోట అది నిలువలేదు.

ఈ సంగతులన్నీ చెప్పిన తరువాత మా అమ్మ శుభలేఖను మరొకసారి చూసి, "అయితే తమ్ముడి బొమ్మ కూడా వేయవలసింది" అన్నది.