రెండు తలాలు, ఒక ఖండన రేఖ

రెండు తలాలు ఒకదానినొకటి ఖండించుకుంటే వాటికి ఉమ్మడిగా ఉండేది ఒక సరళరేఖ అని యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ 11వ భాగంలోని 3వ ప్రతిపాదనలో నిరూపించాడు. ఖండన రేఖ అనే ఈ గీతను ముందుగా గుర్తించిన విద్యార్థికి, ఒక తలంలోని ఏ రేఖ రెండవ తలంలోని ఏ రేఖకు లంబమో తేల్చడం సులభమవుతుంది. కాగితంపై గీసిన ఘనంలో నిజమైన లంబకోణాలు కొన్ని ఏటవాలుగా కనిపిస్తాయి కనుక బొమ్మను మాత్రమే నమ్మితే పొరపాటు తప్పదు.

గది గోడ, నేల కలిసే అంచు ఇటువంటి ఖండన రేఖ. గోడ నేలకు లంబంగా ఉన్నంత మాత్రాన గోడ మీది ప్రతి గీతా నేలకు లంబం కాదు. ఆ అంచుతో లంబకోణం చేసే గీతకే ఆ గుణం ఉంటుంది. అంతకంటే అందమైన ఫలితం మరొకటి ఉంది: గోడపై ఒక గీతను, నేలపై ఒక గీతను తీసుకుంటే, వాటిలో కనీసం ఒకటి అంచుకు లంబమైనప్పుడే అవి పరస్పరం లంబాలవుతాయి, రెండూ అంచుకు లంబం కానప్పుడు ఎన్నటికీ కావు. ఆ గీతలు ఒకదానినొకటి తాకకపోతే, ఒకదానిని దిశ మారకుండా జరిపి రెండవదానితో కలిపినప్పుడు ఏర్పడే కోణాన్నే వాటి మధ్య కోణంగా గ్రహిస్తారు.

తలాలు పరస్పరం లంబంగా లేనప్పుడు ఈ నియమం చెల్లదు. పెంకుటింటి కప్పులో రెండు వాలులు పైన కలిసే అంచుకు ఇరువైపుల వాసాలూ లంబంగానే ఉంటాయి, కానీ ఎదురెదురు వాసాల మధ్య కోణం ఆ రెండు తలాల మధ్య కోణమే కనుక, అది 90 డిగ్రీలైతే తప్ప అవి ఒకదానికొకటి లంబాలు కావు. అయితే ఒక వాలుపై అంచుకు సమాంతరంగా కొట్టిన రీపర్లు, కప్పు ఎంత వాలుగా ఉన్నా, అవతలి వాలు వాసాలకు లంబంగానే ఉంటాయి.

ఒక రేఖ మొత్తం తలానికే లంబమని తేల్చడానికి తలంలోని గీతలన్నింటినీ పరీక్షించనక్కరలేదు. రేఖ తలాన్ని తాకే బిందువు వద్ద ఖండించుకునే రెండు గీతలకు అది లంబమైతే చాలునని 4వ ప్రతిపాదన చెబుతుంది. చదునైన నేలపై గుంజ పాతేటప్పుడు మూలమట్టాన్ని రెండు వేర్వేరు దిశలలో ఆనించి చూడడం ఈ సూత్రానికి ఆచరణ రూపం. ఒక్క దిశలోనే సరిచూస్తే, గుంజ ఆ దిశకు లంబంగా ఉంటూనే పక్కకు ఒరిగి ఉండవచ్చు.