గట్టు మీది చుట్టాలు

చిల్లకల్లు నుంచి నందిగామ దాకా హైవేకి అటూ ఇటూ నల్లరేగడి చేలు. పత్తి, మిరప. చేను ఎవరిదైనా గట్టు మీద మాత్రం ఒకటే పంట... వయ్యారిభామ! పక్కనే పసుపుపచ్చ పూలతో తుత్తురబెండ. ఎవరూ విత్తలేదు, ఎవరూ మందు కొట్టరు. పిండినల్లికి కావలసింది సరిగ్గా అదే.

కొమ్మ మీద పిండి చల్లినట్టు కనిపించే ఈ పురుగు మొక్కలోకి సన్నటి ముక్కు దించి రసం పీలుస్తుంది. చేలో పత్తి లేని రోజుల్లో గట్టు మొక్కలే దానికి దిక్కు. తుత్తురబెండదీ పత్తిదీ ఒకే కుటుంబం మరి. వానలు పడి పత్తి ఎదగగానే పిల్లపురుగులు గాలికి కొట్టుకొచ్చో, కూలీల బట్టలకు అంటుకునో చేలోకి దిగుతాయి. చీమలైతే మోసుకొచ్చి మరీ కాపలా కాస్తాయి, నల్లి వదిలే తియ్యటి జిగురు కోసం.

అసలు విచిత్రం వేరే ఉంది. ఇప్పుడు మన చేలల్లో ఎక్కువగా వేసే పత్తి పుట్టిల్లు అమెరికా ఖండం. వయ్యారిభామదీ అక్కడే, మన దేశంలో అది 1955లో పుణెలో కంటపడింది. పిండినల్లికి శాస్త్రవేత్తలు పేరు పెట్టిందీ అమెరికాలోనే, 1898లో. మన దేశపు పత్తిలో అది 2005 ప్రాంతంలో గానీ గొడవ మొదలుపెట్టలేదు. అప్పటికి బీటీ పత్తి వచ్చి మూడేళ్లు. కాయతొలుచు పురుగుకు కొట్టే మందులు తగ్గాయి, రసం పీల్చేవాటికి అడ్డు తొలగింది.

మందు కొడితే చావదా? ఒంటిమీది మైనపు పొడి అంత తేలిగ్గా తడవనివ్వదు. రైతు డోసు పెంచుతాడు, అప్పు పెరుగుతుంది. ముందు చచ్చేది నల్లిని తినే అక్షింతల పురుగు!

దానికి ఇంకో శత్రువు ఉంది... ఎనేసియస్ అనే బుల్లి కందిరీగ. నల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలంతా తినేస్తే నల్లి గోధుమరంగు గింజలా గట్టిపడుతుంది. 2009లో మన దేశంలో దీన్ని కొత్త జాతి అన్నారు. తీరా చూస్తే అమెరికాలో ఎప్పుడో అరిజోనా పేరుతో నమోదైనదే. చుట్టాల వెనకే వేటగాడూ వచ్చాడన్నమాట.

గట్టు బాగుచేయాలని అందరూ చెబుతారు. ఎప్పుడన్నదే ముఖ్యం. విత్తకముందే చేయాలి. చేను నిండా పత్తి ఉండగా వయ్యారిభామను పీకి అక్కడే పడేస్తే ఆకలిగొన్న పిల్లపురుగులు నేరుగా పత్తిలోకి నడుస్తాయి. కాలవలో వేస్తే కింది రైతుకు పంపినట్టే. కొమ్మల మీద గోధుమరంగు గింజలు కనిపిస్తే మాత్రం మందు జోలికి పోకూడదు. ఇక ఆఖరి తీత మీద ఆశతో పత్తిమోళ్లను చేలోనే ఉంచినా, కట్టెను పొయ్యిలోకని గట్టున పేర్చినా నల్లికి వేసవి హాయిగా గడిచిపోతుంది.