తత్త్వశాస్త్ర శాఖలు – సిరొంచ సీమ నిదర్శనములు

తత్త్వశాస్త్రము సామాన్యులకు అందరానిదనియు, మఠములకును కళాశాలలకును మాత్రమే చెందినదనియు ఒక అభిప్రాయము ప్రచారములో నున్నది. ఆ శాస్త్రమునందలి ప్రశ్నలను విడదీసి చూచినచో ఈ అభిప్రాయము నిలువదు. ఉన్నది ఏమి? దానిని ఎట్లు తెలిసికొనగలము? ఏది చేయదగినది? ఏది సుందరము? ఈ నాలుగు ప్రశ్నలనుండి క్రమముగా సత్తామీమాంస, జ్ఞానమీమాంస, నీతిశాస్త్రము, సౌందర్యశాస్త్రము పుట్టినవి. వాని సమాధానములకు చూపిన హేతువు నిలుచునా యని పరీక్షించునది తర్కము. గ్రీకు దేశమున స్టోయిక్కులు తర్కము, ప్రకృతి, నీతి అని మూడు భాగములు చేసిరి. భారతీయ దర్శనములు చాలవరకు ఇట్లు వేరుపరుపక, ప్రమాణ ప్రమేయముల విచారమును మోక్షచింతతో ముడివేసినవి.

ఈ శాఖలను తెలిసికొనుటకు సిరొంచ సీమ మిక్కిలి అనువైనది. ప్రాణహిత ఎడమ గట్టున, గోదావరీ సంగమమునకు చేరువనున్న ఈ యూరు, 1860లో నిజాము ఆంగ్లేయులకు వదలిన ఎడమగట్టు తాలూకాలతో నేర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానము. 1874లో ఆ జిల్లా రద్దయి, సిరొంచ చాందా జిల్లాలో చేరెను. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అందులో భాగమయ్యెను. పాలన మారినను ఇంటి మాట తెలుగుగానే నిలిచినది. బడి మాట మరాఠీ.

రెండు భాషల నడుమ పెరిగిన బాలునికి తర్కమునందలి మొదటి పాఠము మాటలలోనే లభించును. ఇంట “అనుమానము” అనగా సందేహము. బడిలో మరాఠీ “అనుమాన్” అనగా హేతువును చూచి తీసిన నిర్ణయము. శాస్త్రార్థమునకు దగ్గరది రెండవది. తెలుగున “ప్రమాణము” అనగా ఒట్టు. మరాఠీలో కొలత, నిష్పత్తి. శాస్త్రమున యథార్థజ్ఞానమునకు సాధనము. ఈ మూడు అర్థములందును నమ్మదగిన ఆధారమను భావమే కలదు.

న్యాయసూత్రములు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములను అంగీకరించినవి. చార్వాకులు ప్రత్యక్షము నొక్కదానినే ఒప్పిరి. అనుమానములో “శేషవత్తు” అనునది ఒక భేదము. కార్యమును చూచి కారణమును నిర్ణయించుట దాని లక్షణము. భాష్యకారుడగు వాత్స్యాయనుడు దీనికిచ్చిన ఉదాహరణము నదియే. నీరు మునుపటివలె గాక నిండి వడిగా పారుట చూచి, ఎగువన వాన కురిసినదని తెలిసికొందుము. ప్రాణహితలో పడవ నడపువాడు తన యూర చినుకు పడకున్నను, ఏరు ఎఱ్ఱబడి పొంగినప్పుడు వార్ధా, వైనగంగల దిక్కున వాన పడినదని చెప్పును. అతడు చేయునది శేషవదనుమానమే.

సూత్రకారుడు ఇంతటితో తృప్తిపడలేదు. రెండవ అధ్యాయమున ఒక ఆక్షేపణను తానే ఎత్తి చూపెను: నదికి అడ్డుకట్ట పడినను నీరు పెరుగవచ్చును గదా? అట్లయిన అనుమానము ప్రమాణమెట్లగును? దీనికి సమాధానము గంభీరమైనది. కట్ట వలన నిలిచిన నీరు వేఱు, వాన తెచ్చిన వరద వేఱు. వరదకు వడి, నురుగు, కొట్టుకొనివచ్చు ఆకులు, పండ్లు, కట్టెలు గుర్తులు. వీనిని విడిచి నీటిమట్టమును మాత్రమే చూచినవాడు పొరబడినచో, ఆ దోషము చూచినవానిది గాని అనుమానమునది గాదు. హేతువునకును సాధ్యమునకును గల తప్పని సంబంధమే వ్యాప్తి. అది చెడినచోట అనుమానము చెడును. ఆంధ్రుడగు అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహము ఈ వ్యాప్తినే పొగ, నిప్పుల ఉదాహరణముతో బోధించినది.

సిరొంచవారికి ఈ ఆక్షేపణ కేవలము గ్రంథస్థము గాదు. సంగమమునకు దిగువన గోదావరిపై కట్టిన మేడిగడ్డ బరాజు 2019 జూన్‌లో ప్రారంభింపబడెను. తలుపులు మూసినప్పుడు నీరు వెనుకకు నిలిచి, ఎగువన వాన లేకున్నను సంగమముకడ మట్టము పెరిగినది. పూర్వము చాలిన గుర్తు ఇప్పుడు చాలదు. నురుగును, వడిని చూడవలసియున్నది.

ఇదే శేషవత్తు దీర్ఘకాలమునకును వర్తించును. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి కడ దొరకిన పెద్ద ఎముకలను పరీక్షించి, శాస్త్రజ్ఞులు జురాసిక్ యుగమున జీవించిన ఒక మహాశరీరిని నిర్ణయించి, 1975లో బరాపాసారస్ అని పేరిడిరి. ఆ జంతువును చూచిన మనుష్యుడు లేడు, ఎముకయే హేతువు.

సత్తామీమాంసకు సంగమమే నిదర్శనము. గోదావరిలో కలిసిన పిమ్మట ప్రాణహిత ఉన్నదా? వైశేషికులు ద్రవ్యము, గుణము, కర్మ మొదలగు పదార్థములను స్థిరముగా నిర్ణయించిరి. బౌద్ధులు ప్రతి వస్తువును క్షణికమనిరి. అద్వైతులు నామరూపములు తొలగినను సత్తు ఒక్కటియే యనిరి. ఎదుటి గట్టున కాళేశ్వరములో ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాలునిది, రెండవది ముక్తేశ్వరునిది. వైశేషికులకు కాలము తొమ్మిది ద్రవ్యములలో ఒకటి. మోక్షము కోరువారికి దాటవలసిన బంధము. ఈ రెండు దృష్టులకు అక్కడ ఒకే పీఠము లభించినది.

నీతిశాస్త్రము ఇచ్చట మిక్కిలి కఠినమైన ప్రశ్నను అడుగును. 2016లో రెండు రాష్ట్రములు ఒడంబడిక చేసికొని తలపెట్టిన ఆ బరాజు తెలంగాణ పొలములకు నీరిచ్చుటకై ఉద్దేశింపబడినది. దాని వలన సిరొంచ తాలూకా రైతుల భూములు కొన్ని మునిగినవి. 2023 అక్టోబరులో దాని స్తంభములు కొన్ని క్రుంగినవి. ఫలమును బట్టి కర్మ మంచి చెడ్డలను నిర్ణయించు మిల్లు మతమున, పెక్కుమందికి మేలు కలిగినచో కొందఱి నష్టము సమర్థనీయము కావచ్చును. మనుష్యుని ఎన్నడును కేవల సాధనముగా వాడరాదను కాంటు మతమున, పొలము పోయిన రైతు సమ్మతి అడుగకయే లెక్క ముగింపరాదు. క్రుంగిన స్తంభములు మొదటి మతమువారికి మరియొక చిక్కు కలిగించును. తలచిన ఫలము దక్కనిచో ఆ నష్టమును దేనితో సమర్థింతురు?

సౌందర్యశాస్త్రమున భరతుడు ఎనిమిది రసములను చెప్పెను. శాంతము తరువాత చేరినది. ఒకే వరద దూరమునుండి చూచువానికి అద్భుతము, పైరు పోయినవానికి శోకము. ఆ శోకము కావ్యమునందు కరుణరసమై ఆస్వాద్యమగుట యెట్లు? ఈ శాఖకు మూలప్రశ్న యిదియే.

పడవవానికిని, రైతునకును ఈ ప్రశ్నలు క్రొత్తవి గావు. వానిని క్రమముగా పలుకు పరిభాషయే వారికి దూరమైనది. తెలుగు మాటలాడి తెలుగు చదువని తరములు పెరుగుచున్నచోట ఈ దూరము హెచ్చును. ఇంటి తెలుగుకు “అనుమానము” సందేహముగానే మిగిలినచో, అన్నంభట్టు తనవాడయ్యును అతని గ్రంథము పరభాషగానే తోచును. అయితే మరాఠీ తెలుగులు రెండును ఒకే శాస్త్రపరిభాషను పంచుకొన్నవి. బడిలో నేర్చిన అర్థమును ఇంటిమాటతో పోల్చి చూపు చిన్న పుస్తకమొకటి తెలుగులిపిలో సిరొంచ పిల్లల చేతికి వచ్చినచో, ఈ శాస్త్రమునకు వారి వాకిటనే ద్వారము తెఱచుకొనును.