వినిగరుతో ఫలపానకములు

రిఫ్రిజిరేటరు లేని కాలమున, కోసిన రెండుమూడు దినములకే మెత్తబడి బూజుపట్టెడి రాస్ప్‌బెర్రీ వంటి పండ్ల రుచిని శీతకాలము వరకును నిలుపుకొనగోరిన అమెరికా గృహిణులు, వానిని వినిగరులో నానవైచి, చక్కెర చేర్చి, ‘ష్రబ్’ అను పాకముగా సీసాల కెత్తి దాచుచుండిరి. వినిగరును, తేనెయో చక్కెరయో, పుదీనాయు కలిపెడి పారశీకుల సెకంజబీను ఇంతకంటె మిక్కిలి ప్రాచీనము. గడ్డికోతల వేళ న్యూ ఇంగ్లండు రైతులు త్రాగిన స్విచెల్‌లోనో పండే లేదు. నీరు, వినిగరు, మొలాసిస్, అల్లము, అంతే.

వినిగరులోని సారము ఎసిటిక్ ఆమ్లము. మద్యసారమును గాలిలోని ప్రాణవాయువుతో కూర్చి ఈ ఆమ్లముగా మార్చునవి సూక్ష్మజీవులేయని 1860 దశకమున లూయీ పాస్టరు నిరూపించెను. సూక్ష్మజీవులు పుట్టించిన ఆ పదార్థమే తక్కిన సూక్ష్మజీవుల పాలిటి విషమగుట చిత్రము. పుల్లని ద్రవమున ఈ ఆమ్లములో అత్యధికభాగము అయనులుగా విడిపోక అణురూపముననే యుండును. విద్యుదావేశము లేని ఆ అణువు కణపు పొరను అవలీలగా దాటి, ఆమ్లత తక్కువగానున్న లోపలి ద్రవమున విడిపోయి, అచటి ఆమ్లతను పెంచును. ఆ యామ్లమును వెలికి నెట్టుటకే తన శక్తిని వ్యయపరచుకొని కణము పెరుగుట మానును.

రాస్ప్‌బెర్రీలు మనకు దొరకుట అరుదు గనుక నేరేడుపండ్లతో ష్రబ్ చేయవచ్చును. గింజ తీసిన గుజ్జునకు సమానమైన తూకమున చక్కెర కలిపి గాజుజాడీలో మూతపెట్టి ఒకరాత్రి చల్లని తావున నుంచినచో, చక్కెర తన గాఢతచే గుజ్జులోని నీటిని వెలుపలికి లాగును. తెల్లవారుసరికి తొక్కలు ముడుచుకొని చిక్కని ఊదారంగు పాకమున తేలుచుండును. అంతే కొలత వినిగరు పోయగానే ఆ యూద ఎఱ్ఱనగును: ఆంథోసయనిన్లను వర్ణద్రవ్యములు ఆమ్లమున ఎరుపెక్కుట దీనికి హేతువు. వడగట్టి వారము దినములు రిఫ్రిజిరేటరులో నుంచినచో ముక్కు నంటెడి ఘాటు తగ్గి రసము కుదురుకొనును. పొయ్యిమీద కాచిన గంటలో ముగియును గాని, పచ్చిపండు పరిమళము పోయి జాము వాసన వచ్చును. నేను దానిని మెచ్చను.

వినిగరు 5 శాతము ఆమ్లము గలదై యుండవలెను. పులుపునకు వెఱచి దానిని తగ్గింపరాదు, కాపాడునది అదియే. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలను ఆమ్లము తినివేయును. రాగి కరగి చేరిన రసము విషప్రాయము. సీసాలో నురుగు పొంగినను, బూజు కనిపించినను, నిస్సంకోచముగా పారబోయవలెను. త్రాగువేళ ఒకపాలు పాకమునకు నాలుగైదు పాళ్ల చల్లని నీరు చేర్చవలెను. చిక్కగా త్రాగినచో గొంతు మండుటయే గాక దంతములమీది పింగాణిపొరయు అరిగిపోవును.