బాణం తోక ఎందుకు ఊపుతుంది?

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా మాడుగుల ఎప్పుడైనా వెళ్లారా? మాడుగుల పేరు చెప్పగానే మీకు హల్వా గుర్తుకు వస్తుంది. ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఈసారి ఊరు దాటి కాస్త ముందుకు వెళ్లి తలెత్తి చూడండి. తూర్పు కనుమలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఘాట్ రోడ్డు ఎక్కితే పాడేరు. ఆ కొండల్లో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొండకమ్మరులు మొదలైన గిరిజనులు తరతరాలుగా నివసిస్తున్నారు.

చైత్రమాసం వచ్చిందంటే అక్కడ ఇటుకల పండుగ. విత్తనాలకు పూజ చేస్తారు, థింసా ఆడతారు. పూర్వం ఆ రోజుల్లో మగవాళ్లు విల్లమ్ములు పట్టుకుని అడవికి వేటకు పోయేవారు. ఏదో ఒకటి కొట్టి తెచ్చినవాడికి గౌరవం. ఉత్త చేతులతో తిరిగి వచ్చినవాడికి ఆడవాళ్ల ఎగతాళి తప్పేది కాదు! అందుకే పండుగకు చాలా ముందే చూరులోని విల్లు కిందికి దిగేది. దాన్ని సరిచేసుకోవాలి, బాణాలు పరీక్షించుకోవాలి.

ఇప్పుడు వేట కుదరదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం. అది మంచిదే. అడవులు తగ్గాయి, జంతువులూ తగ్గాయి. కాని విల్లును సరిచేసే ఆ విద్యలో బోలెడంత భౌతికశాస్త్రం దాగి ఉంది. వేటతో పాటు అదీ పోవాలా? అక్కర్లేదు. అరటి బోదెను గురిగా పెట్టుకున్నా ఆ శాస్త్రం మారదు కదా!

రెండు మీటర్ల తప్పు

ముందుగా ఒక చిక్కు ప్రశ్న. మీరు కుడిచేతి వాటం అనుకోండి. ఎడమ చేత్తో విల్లు పట్టుకుంటారు. బాణం వింటికి ఎడమ పక్కన ఆనుకుని ఉంటుంది. నారి మాత్రం వింటి నడుమకు ఎదురుగా ఉంటుంది. అంటే బాణం సూటిగా ముందుకు కాక, కొద్దిగా ఎడమకు తిరిగి ఉందన్నమాట.

నారిని పూర్తిగా లాగినప్పుడు ఈ వాలు చాలా తక్కువ. వింటి మందం మూడు సెంటీమీటర్లు, నారి 65 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది అనుకుంటే, వాలు రెండు డిగ్రీల లోపే. కాని నారి వదలగానే ముందుకు దూసుకుపోతుంది. అది వింటికి 15 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేసరికి అదే వాలు ఏడు డిగ్రీలు అవుతుంది. తేడా అయిదు డిగ్రీల పైమాటే. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న గురికి ఇది దాదాపు రెండు మీటర్ల తప్పు! లెక్క ప్రకారం బాణం ఎడమ పక్కన ఉన్న చెట్టుకు తగలాలి. కాని మంచి విలుకాడి బాణం గురికే తగులుతుంది. ఎలా?

అమెరికాకు చెందిన ఎల్మర్ అనే వైద్యుడు 1913లో దీనికి 'విలుకాడి చిక్కుముడి' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ముడి విప్పింది కెమెరా. 1930లలో హిక్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో వింటిని వదిలే బాణాన్ని చిత్రించాడు. ఆ బొమ్మల్లో బాణం కర్రలా లేదు, నీళ్లలో ఈదే పాములా ఉంది!

జరిగేది ఇది. వేళ్లు వదలగానే నారి కాస్త పక్కకు జారి, బాణాన్ని వెనక నుంచి బలంగా తోస్తుంది. ముందు ములికి బరువు కదలనంటుంది. మధ్యలో చిక్కిన కర్ర వింటి వైపు ఒంగుతుంది. మరుక్షణం ఎగిసి, వింటికి దూరంగా ఒంగుతుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి బాణం తోక వింటిని తాకకుండా తప్పుకొని పోతుంది. బాణం నారి మీద ఉండేది సుమారు సెకనులో యాభయ్యో వంతు. అంతలోనే ఈ వంపులన్నీ జరిగిపోవాలి. బాణం వింటిని చుట్టి పోతుంది, గురి మాత్రం తప్పదు.

బిగువే ప్రాణం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బాణం ఎంత ఒంగాలో అంతే ఒంగాలి. మరీ బిగువుగా ఉంటే చాలినంత ఒంగదు, వింటిని రాసుకుని ఎడమకు పోతుంది. మరీ మెత్తగా ఉంటే ఎక్కువగా ఒంగి కుడికి పోతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తలకిందులు.

బిగువును ఇంట్లోనే కొలవవచ్చు. రెండు ఇటుకలను 66 సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టండి. వాటి మీద బాణం కర్రను గాని, సన్నని వెదురు పుల్లను గాని అడ్డంగా పెట్టండి. సరిగ్గా మధ్యలో 900 గ్రాముల బరువు వేలాడదీయండి. తూకపు రాళ్లు లేకపోతే సీసాలో నీళ్లు పోసుకోండి. 900 మిల్లీలీటర్ల నీళ్లు 900 గ్రాములు. ఖాళీ సీసా బరువుకు తగినన్ని నీళ్లు తగ్గించాలి సుమా! కర్ర ఎంత కిందికి దిగిందో స్కేలుతో కొలవండి. 18 కిలోల బలంతో లాగే వింటికి కర్ర సుమారు 1.6 సెంటీమీటర్లు దిగితే జోడు కుదిరినట్టే. వింటి బలం పెరిగేకొద్దీ కర్ర తక్కువ దిగాలి.

ఇక్కడ రెండు అందమైన సూత్రాలున్నాయి. ఇలా రెండు చోట్ల ఆనిన కర్ర వంపు, దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. 80 సెంటీమీటర్ల కర్రలో రెండున్నర సెంటీమీటర్లు కోసేస్తే వంపు తొమ్మిది శాతం తగ్గుతుంది. మందం సంగతి ఇంకా విచిత్రం. బిగువు మందానికి నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. కర్రను పదోవంతు సన్నం చేశారనుకోండి, 0.9ని నాలుగుసార్లు గుణించి చూడండి: 0.656 వస్తుంది. అంటే పదోవంతు చెక్కితే మూడోవంతు బిగువు పోయింది! అందుకే అనుభవజ్ఞుడు బాణాన్ని కత్తితో కోయడు, మెల్లగా గీకుతాడు, వంచి చూస్తాడు, మళ్లీ గీకుతాడు. ఆయన చేతివేళ్లకు నాలుగో ఘాతం తెలుసు, పేరు తెలియకపోయినా.

ఈకలు, ములికి

తప్పంతా బిగువుదే కాదు. ఒక చిన్న ప్రయోగం చేయండి. కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని దాని ఒక కొనకు చిన్న మట్టి ముద్ద అంటించండి. మట్టి ముందుండేలా విసరండి. సూటిగా పోతుంది. ఇప్పుడు మట్టి వెనకుండేలా విసరండి. గాలిలోనే పల్టీ కొట్టి మట్టిని ముందుకు తెచ్చుకుంటుంది. బరువు ముందుండాలి, గాలికి అడ్డు వెనకుండాలి. బాణానికి ములికి, ఈకలు ఉన్నది ఇందుకే. బాణాన్ని వేలి మీద నిలబెట్టి చూడండి. తూగే చోటు నడిమధ్యకు కాస్త ముందుగా ఉంటే బాణం బుద్ధిగా నడుస్తుంది.

ఈకల్లోనూ ఒక కిటుకుంది. పక్షి ఎడమ రెక్క ఈకలు ఒక వైపు, కుడి రెక్క ఈకలు రెండో వైపు ఒంగి ఉంటాయి. ఒకే బాణానికి రెండు రకాలూ కట్టారా, ఒకటి ఇటు తిప్పితే ఇంకొకటి అటు తిప్పుతుంది. బాణం బొంగరంలా తిరిగితే దాని దారి ఇంకా నిలకడగా ఉంటుంది. కాబట్టి మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి కావాలి. నలిగిన ఈకలను పారేయకండి. ఉడుకుతున్న ఎసరు ఆవిరిలో కాసేపు పట్టుకుంటే తిరిగి నిలబడతాయి. ఈక ముందు కొన మీద దారం నున్నగా చుట్టి ఉండాలి. లేకపోతే పిడి పట్టిన చేతిని చీరేస్తుంది.

ఈకలు కట్టిన ఈ తోక భాగానికి పుంఖం అని పేరు. 'పుంఖానుపుంఖాలుగా' అంటాం చూడండి, ఒక బాణం తోకను అంటుకుని ఇంకో బాణం వచ్చినట్టు అని దాని అర్థం.

రోగం ఎక్కడుంది?

బాణం సరిగా పోవటం లేదు. తప్పు బాణానిదా, వింటిదా, మనిషిదా? వైద్యుడు రోగిని చూసినట్టు వరసగా చూడాలి.

మొదట విల్లు. నారి ఎక్కించి దూరంగా నిలబడి చూడండి. పై బద్ద, కింది బద్ద ఒకేలా ఒంగుతున్నాయా? బిగుసుకున్న బద్దను లోపలి వైపు మాత్రమే కాస్త గీకాలి. వెదురు బయటి పొరలో నారలు దట్టంగా ఉంటాయి, లాగుడును తట్టుకునేది అదే. దాన్ని చెక్కితే విల్లు ఫెళ్లున విరుగుతుంది. నారికీ పిడికీ మధ్య ఎడం కూడా చూడాలి. పిడికిలి బిగించి బొటనవేలు నిలబెడితే వచ్చే కొలత చాలని పాతకాలపు ఇంగ్లీషు విలుకాళ్ల లెక్క. పని అయ్యాక నారి దించేయాలి. ఎక్కించి వదిలేసిన విల్లు ఆ వంపుకే అలవాటు పడి బలం పోగొట్టుకుంటుంది.

రెండోది, బాణం తొడిగే చోటు. వింటికి లంబంగా ఉండే చోటుకు సుమారు ఒక సెంటీమీటరు పైన నారికి దారం చుట్టి గుర్తు పెట్టాలి. ఈ గుర్తు తప్పితే బాణం చేపలా కాక, తాబేలులా తల ఎత్తుతూ దించుతూ పోతుంది.

మూడోది అసలు పరీక్ష. ఈకలున్న మూడు బాణాలు, ఈకలు లేని ఒకటి, మిగతా అంతా సమానంగా ఉన్నవి తీసుకుని కొంత దూరం నుంచి మెత్తని గురి మీద వేయాలి. ఈకలు తప్పులను కప్పిపుచ్చుతాయి. ఈకలు లేని బాణం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అది మిగతావాటికి ఎడమ పక్కన పడితే కర్ర బిగువు ఎక్కువ. ములికి బరువు పెంచాలి లేదా కర్రను గీకాలి. కుడి పక్కన పడితే కర్ర మెత్తన. పొడవు తగ్గించాలి లేదా తేలిక ములికి వేయాలి. కింద పడితే నారి మీద గుర్తును దించాలి. పైన పడితే గుర్తును పైకి జరపాలి.

ఒక్కటే నియమం: ఒకసారికి ఒక్క మార్పే. ములికి మార్చి, గుర్తు కూడా జరిపారనుకోండి, బాణం బాగుపడినా దేని వల్ల బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త పాటించేదీ ఈ నియమమే. ఒక్క బాణం చూసి తీర్పు చెప్పకూడదు కూడా. కనీసం మూడుసార్లు అదే ఫలితం రావాలి. మూడూ మూడు వైపులా పోతే తప్పు బాణంలో లేదు, వదిలే చేతిలో ఉంది!

ఎందుకింత శ్రమ?

తోక ఊపే బాణం గురి తప్పటమే కాదు, తగిలినా వంకరగా తగులుతుంది. నెట్టే బలం పక్కకు చీలిపోయి లోపలికి దిగదు. వేట రోజుల్లో దీని అర్థం ఏమిటో ఊహించండి. జంతువు చావదు, గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి బాధపడుతుంది. బాణాన్ని సరిచేసుకోవటం వేటగాడి పరువు ఒక్కటే కాదు, జంతువు పట్ల అతని బాధ్యత కూడా.

ఈనాడు అదే విద్య మైదానానికి వచ్చింది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమెది కప్పీలున్న కాంపౌండ్ విల్లు. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ వేళ్లతో నారి వదిలే రికర్వ్ విల్లుతో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీ చేశాడు. వాళ్ల బాణాలు కార్బన్‌తో చేసినవి. అయినా వాటి బిగువు కొలిచే పద్ధతి ఇటుకల మీద మీరు చేసిన ప్రయోగం లాంటిదే.

ఒక హెచ్చరిక. బాణం ఆటవస్తువు కాదు. 18 కిలోల వింటి నుంచి వెలువడే బాణం సెకనుకు నలభై మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. పెద్దలు పక్కన లేకుండా విల్లు ముట్టవద్దు. మనిషి వైపు, పశువు వైపు ఎన్నడూ ఎక్కుపెట్టవద్దు. గురి వెనక ఎవరూ లేరని చూసుకోవాలి. బాణం లేకుండా ఉత్త నారిని లాగి వదలకూడదు. బాణానికి పోవలసిన శక్తి వింటిలోనే మిగిలి దాన్ని విరగ్గొడుతుంది.

మీది కొండ ఊరైతే, లేదా మీ తరగతిలో కొండ ఊరి స్నేహితుడుంటే, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో పెద్దాయన దగ్గర కూర్చుని, "తాతా, బాణం తోక ఊపితే నువ్వేం చేసేవాడివి?" అని అడగండి. ఏ వెదురు కోసేవాడు, ఏ నెలలో కోసేవాడు, నిప్పు మీద ఎలా కాచి వంకర తీసేవాడు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత ఇటుకలు, సీసా, స్కేలు తీసుకుని ఆయన ఎంచిన కర్రల బిగువు కొలవండి. అంకెలు దగ్గర దగ్గరగా వచ్చాయంటే, ఆయన చేతివేళ్లు ఎంత చక్కని కొలమానమో మీకే తెలుస్తుంది.