ఊదితే పోదు, పీల్చాలి

సంజామల, కోవెలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో శనగ నూర్పిళ్లు మొదలయ్యాయంటే ఇళ్లల్లో దుమ్ము ఆగదు. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. నాపరాళ్ల లారీలు తిరిగే దారి పక్కనుండే ఇళ్లయితే మరీను. నులక మంచాలు, బొంతలు ఉన్నన్నాళ్లూ దీనికి సులువైన విరుగుడు ఉండేది. పండగ ముందు మంచం మీద సలసల కాగే నీళ్లు పోసేవాళ్లు, బొంతను ఎండలో వేసి కర్రతో బాదేవాళ్లు. ఇప్పుడు గుడ్డ తొడిగిన సోఫాలు వచ్చాయి. వాటిని వీధిలోకి మోయలేం, తొట్టిలో నానబెట్టలేం.

మెత్తటి సామాను బాగు చేయడానికి కూలి ఇచ్చి మనిషిని పిలిపించుకోవడం మాత్రం సీమకు కొత్త కాదు. పరుపు గట్టిపడితే దూదేకులవాళ్లు వచ్చేవాళ్లు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య పుట్టింది ఆ వృత్తివాళ్ల కుటుంబంలోనే. పరుపు విప్పి, దూది కుప్పగా పోసి, దాని మీద విల్లు ఆనించి, బిగించిన నారిని కొయ్యతో కొట్టేవాళ్లు. నారి అదురుకు ముద్దలు విడిపోయి దూది పొంగేది, అందులోని మట్టి కింద రాలేది. అదురుతో దుమ్మును విడదీయడమనే ఆ సూత్రం చాలా సరైనది. అయితే సన్నని దుమ్ము కింద పడదు. గాల్లో తేలి, విల్లు పట్టిన మనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చేవాళ్లకు బిసినోసిస్ అనే శ్వాస జబ్బు వస్తుందని వైద్యులు గుర్తించారు.

1901లో లండన్‌లోనూ ఇదే చిక్కు. అక్కడి ఎంపైర్ మ్యూజిక్ హాల్లో ఒక కొత్త యంత్రం ప్రదర్శించారు. అది గాలిని గట్టిగా ఊది, దుమ్మును లేపి, పెట్టెలోకి తోయాలని చూసేది. దుమ్ము చాలామటుకు మళ్లీ అక్కడే పడేది. చూడటానికి వచ్చిన ముప్పై ఏళ్ల ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్, ఊదే బదులు పీల్చకూడదా అని అడిగాడు. అది కుదిరే పని కాదని జవాబు వచ్చింది. కొన్నాళ్లకు విక్టోరియా స్ట్రీట్‌లో ఒక హోటల్లో కూర్చుని ఉండగా, మఖ్మల్ కుర్చీ మీద చేతిరుమాలు పరచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. రుమాలు తిప్పి చూస్తే, కుర్చీకి ఆనిన వైపు నల్లటి మరక. గాలి గుడ్డలోంచి దాటింది, దుమ్ము చాలామటుకు దాటలేదు. వాక్యూమ్ క్లీనర్ సూత్రమంతా ఆ రుమాల్లోనే ఉంది.

ఆ ఏడాదే బూత్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. పెట్రోలు ఇంజనుతో నడిచే పంపును గుర్రబ్బండి మీద వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా లోపలికి పంపేవాళ్లు. పేరున్న ఇళ్లవాళ్లు దాన్ని అద్దెకు పిలిపించుకునేవాళ్లు. దుమ్ము పరుగెత్తడం అతిథులకు కనబడేలా మధ్యలో పారదర్శకమైన గొట్టం అమర్చేవాళ్లు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను ఈ యంత్రమే శుభ్రం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నావికుల బస అయిన క్రిస్టల్ ప్యాలెస్‌లో జబ్బులు ప్రబలితే, 15 యంత్రాలు పెట్టి 26 టన్నుల దుమ్ము తీశారని లెక్క చెబుతారు. అంటే ఈ యంత్రం పుట్టిందే అద్దె సేవగా.

ఇది పని చేసే తీరు చూద్దాం. యంత్రంలోని ఫ్యాను గాలిని వెనక్కి తోసేస్తే లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి లోపలికి దూసుకొస్తూ దారిలోని దుమ్మును వెంట తెస్తుంది. ఇంటి యంత్రాల్లో బలమైనవి కూడా ఒత్తిడిని తగ్గించేది సుమారు ఐదో వంతే. కొబ్బరి బోండాంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు నీళ్లు పైకి వచ్చేదీ ఇలాగే. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. దుమ్మును ఆపి, గాలిని వదలాలి. పలచటి సంచి అయితే సన్నని దుమ్ము మళ్లీ గదిలోకే వచ్చేస్తుంది. హెపా అనే రకం ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపగలదు. సోఫాలో, పరుపులో మన చర్మపు పొట్టు తిని బతికే దుమ్ము పురుగులుంటాయి. కంటికి ఆనని వాటి మలమే చాలామందిలో ఉబ్బసాన్ని రేపుతుంది. అందుకే ఫిల్టరు ముఖ్యం.

యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చింది ఒక ఉబ్బసం రోగే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ ఊళ్లో ఒక దుకాణం ఊడ్చే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్, దుమ్ముకు తట్టుకోలేక 1907లో ఫ్యాను మోటారు, సబ్బు పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం తయారు చేశాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులు కొని వ్యాపారం పెంచినవాడు తోలు సరకుల వ్యాపారి విలియం హూవర్. మన దేశంలో 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్ సంస్థ సేల్స్‌మన్లు ఇంటింటికీ తిరిగి, పరుపు మీద నడిపి చూపించి మరీ ఈ యంత్రాలు అమ్మారు.

అయితే పొడి దుమ్మును పీల్చే యంత్రానికి చెమట, తలనూనె, పప్పు మరకలు లొంగవు. వాటికోసం వచ్చిందే ఎక్స్‌ట్రాక్షన్ యంత్రం. ఒకే మూతి సబ్బునీళ్లను గుడ్డలోకి చిమ్ముతుంది, వెంటనే తిరిగి లాగేస్తుంది. ఆ నీళ్లు చేరే తొట్టిలో చూస్తే, శుభ్రంగా కనబడిన సోఫాలోంచి కూడా టీ రంగు నీళ్లు దిగుతాయి. ఇది ఏడాదికి ఒకటి రెండు సార్లు అవసరపడే యంత్రం. ప్రతి ఇల్లూ కొనాల్సిన పని లేదు. నగరాల్లో 2014లో మొదలైన అర్బన్ కంపెనీ లాంటి సంస్థలు సోఫా శుభ్రతను ఫోను మీదే కుదిరే పనిగా మార్చాయి. బూత్ బండి వీధుల్లోకి తిరిగొచ్చినట్టే లెక్క.

పని వాళ్లను పిలిచేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. ముందు పొడి దుమ్ము పీలుస్తారా? రంగు దిగుతుందేమో ఒక మూల తడిపి చూస్తారా? నీళ్లను యంత్రంతో వెనక్కి లాగుతారా, లేక నురగ రుద్ది గుడ్డతో తుడిచి వదిలేస్తారా? పూర్తిగా ఆరడానికి ఎంతసేపు పడుతుంది? తడి లోపల మిగిలితే బూజు పడుతుంది, వాసన వస్తుంది. అందుకే ఈ పని ఎండ రోజునే పెట్టుకోండి, ఫ్యాన్లు వేసి, కిటికీలు తీసి ఉంచండి. శుభ్రం చేసేవాళ్ల ముక్కుకు మాస్కు ఉందో లేదో చూడండి, లేకపోతే మీరే ఒకటి ఇవ్వండి. మన ఇంటి దుమ్ము వాళ్ల రొమ్ములోకి పోకూడదు.


దులిపితే దుమ్ము చోటు మారుతుందే గాని పోదు. పీల్చి, పట్టి, బయట పారేస్తేనే అది శుభ్రం.